పప్పన్నంతో మింగిన మాత్ర

ఈ పూట మీ మాత్ర దేనితో మింగారు?

నీళ్ళతో అంటారు. నేను అడిగేది అది కాదు. ఆ మాత్ర కడుపులోకి దిగేసరికి అక్కడ ముందే ఏం కూర్చుని ఉంది? పెసరట్టా, గ్లాసుడు పాలా, నెయ్యి వేసిన ముద్దపప్పా? మీకే తెలియదంటే మీ డాక్టరుకి అసలే తెలియదు. డాక్టరుకి తెలియకపోతే మీ డోసు గుడ్డిగా నడుస్తోందన్నమాట. నాది చాలాకాలం అలాగే నడిచింది. నిండు సభలో నేల మీద పడి, రాసే చెయ్యి విరగ్గొట్టుకున్నాక గాని నాకు బుద్ధి రాలేదు. మీరు జాలిపడాలని ఇది రాయడం లేదు. మీతో వాదించాలని రాస్తున్నాను.

నేను కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో ఉన్నప్పుడూ, తర్వాతా నా సాయంత్రాలన్నీ సభలకే పోయాయి. దెయ్యాలు, చేతబడి, పూనకాలు, బాలింతకు గొంతు తడుపుకోవడానికి నీళ్ళు కూడా ఇవ్వనివ్వని పథ్యాలు. వీటి మీద విజయవాడ నుంచి దివిసీమ దాకా నేను మాట్లాడని ఊరు తక్కువ. మాది మతాంతర వివాహం. నా భర్త జోసెఫ్ ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో టర్బైన్ల దగ్గర పనిచేశాడు. చర్చికీ వెళ్ళడు, నా సభలకీ రాడు; రెండుచోట్లా మైకు గోల ఒకటేనంటాడు. జోసెఫ్ అక్క మార్తమ్మ వదిన, తన భర్త పోయాక మా దగ్గరే ఉంటోంది. ఆవిడ ప్రార్థన ఆవిడది, నా ఉపన్యాసం నాది. భోజనాల బల్ల దగ్గర మాత్రం ఇద్దరం రోజూ పోట్లాడుకుంటాం. ఆ పోట్లాట లేని రోజు జోసెఫ్‌కి అన్నం సహించదు.

ఏదో తేడాగా ఉందని మొదట చెప్పింది ఒక పత్రిక సంపాదకుడు. ఇప్పటికీ నేను వ్యాసాలు చేత్తోనే రాస్తాను. ఒకరోజు ఆయన ఫోన్ చేసి, "మేడమ్, మీ అక్షరాలు పేజీ మొదట్లో చీమల్లా ఉన్నాయి, చివరికొచ్చేసరికి ఆవాలైపోయాయి. మా డీటీపీ అమ్మాయి భూతద్దం కొనిపెట్టమంటోంది" అన్నాడు. నవ్వేశాను. ఆ సాయంత్రమే కాలవగట్టు మీద నడుస్తుంటే జోసెఫ్ ఆగిపోయాడు.

"సరళా, కుడిచేత్తో సంచి పట్టుకున్నట్టు నడుస్తున్నావేంటి?"

"సంచి ఎక్కడుంది?"

"అదే అడుగుతున్నా. చెయ్యి ఊగట్లేదు."

చూసుకున్నాను. ఎడమచెయ్యి ఊగుతోంది. కుడిది పక్కకి అంటుకుని ఉంది. ఊపుదామని ప్రయత్నిస్తే ఊగింది, మరచిపోతే ఆగింది. అప్పుడు నాకు మరో సంగతి గుర్తొచ్చింది. వదిన పోపు మాడ్చిందని అందరూ ముక్కు మూసుకుంటున్నా నాకు వాసనే తెలియలేదు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో బతికిన ముక్కు నాది. అది ఎప్పుడు పనిమానేసిందో నాకే తెలియదు.

ముందు భుజం డాక్టరుకి చూపించుకున్నాం. ఎక్స్‌రే తీశారు, ఫ్రోజెన్ షోల్డర్ కావచ్చన్నారు, వ్యాయామాలు చెప్పారు. కొన్ని నెలలు చేశాను. భుజం వదులైంది, అక్షరాలు పెరగలేదు. కుడి బొటనవేలు వణకడం మొదలయ్యాక గవర్నర్‌పేటలో ఒక న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ వయసు నా స్టూడెంట్ల వయసే. వేళ్ళు తెరిచి మూయమంది. వరండాలో నడిపించింది. తర్వాత నా వెనక నిలబడి, "భుజాలు పట్టుకుని వెనక్కి లాగుతానండీ, పడకుండా అడుగు వేసుకోండి. నేనున్నాను" అంది. లాగింది. నేను రెండడుగులు వెనక్కి వేసి నిలదొక్కుకున్నాను. ఎంఆర్ఐ కూడా తీయించింది. అందులో ఏమీ లేదు.

"ఏమీ లేకపోతే మరి జబ్బేంటండీ?" అన్నాడు జోసెఫ్.

"వేరే జబ్బులు లేవని చెప్పడానికే అదండీ. ఇది పార్కిన్సన్స్. నాకది స్కాన్‌లో కనిపించలేదు, మేడమ్ నడకలో కనిపించింది."

మెదడులో డోపమీన్ తయారుచేసే కణాలు తగ్గిపోతున్నాయని చెప్పింది. ఎందుకు తగ్గిపోతున్నాయని అడిగాను. "పూర్తిగా తెలియదండీ" అంది. నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది అప్పుడే. తెలియనిదాన్ని తెలియదని చెప్పగలిగే మనుషుల కోసమే కదా నేను ఇన్నేళ్ళు గొంతు చించుకున్నది!

లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర రాసింది. మేం లేవబోతుంటే అంది: "పప్పు, పెరుగు, గుడ్లు, మాంసం... ఇవి మాత్రకి దగ్గరగా వద్దండీ. తిండికి అరగంట ముందే వేసేసుకోండి. వికారంగా ఉంటే రెండు బిస్కెట్లు."

నేను వెనక్కి తిరిగాను. "డాక్టరు గారూ, మీరు కూడా పథ్యం చెబుతారా?"

ఆవిడ నవ్వింది. "పథ్యం కాదండీ, టైమింగ్."

ఈలోగా బయట తర్వాతి పేషెంట్ పేరు పిలిచారు. ఆ సంభాషణ అక్కడితో ముగిసింది. నా బుర్రలో మాత్రం ముగింపు వేరేగా రాసుకున్నాను. ఇంత చదువుకున్న అమ్మాయి కూడా 'పప్పు వద్దు, పెరుగు వద్దు' అంటోందే, ఈ దేశంలో పథ్యం పిచ్చి ఎంత లోతుకు పోయిందో అనుకున్నాను. పచ్చకామెర్లవాడికి ఉప్పు మాన్పించి నీరసంతో పడగొట్టడం చూసినదాన్ని. బాలింతను కారప్పొడి మెతుకుల మీద ఎండబెట్టడం చూసినదాన్ని. పథ్యం అన్న మాట వినబడితే నా ఒళ్ళు వాదనకి సిద్ధమైపోతుంది. ఆ మాట డాక్టరు అనలేదని, అన్నది నేనేనని నాకు తట్టలేదు.

మాత్రతో మొదట్లో కడుపులో తిప్పేది. అన్నంలో మొదటి ముద్దతో కలిపి మింగితే తిప్పడం తగ్గింది. మా ఇంట్లో మొదటి ముద్దంటే పప్పన్నమే. అలా అలవాటైంది. ఏమీ కాలేదు. చెయ్యి ఊగింది, అక్షరాలు పెరిగాయి, మళ్ళీ సభలకి వెళ్ళాను. మొదటి కాలంలో మందు ఎలా వేసినా బాగా పనిచేస్తుందట. దాన్ని హనీమూన్ పీరియడ్ అంటారని తర్వాత తెలిసింది. నాకప్పుడు అర్థమైంది ఒక్కటే: డాక్టరు చెప్పింది చేయకపోయినా నాకేమీ కాలేదు, కాబట్టి నేనే రైటు. ఈ తర్కం ఎక్కడో విన్నట్టుంది కదూ? తాయెత్తు కట్టాను, జ్వరం తగ్గింది, కాబట్టి తాయెత్తే రైటు. ఇలాంటివాళ్ళని వేదిక మీదికి పిలిచి నిలదీసేదాన్ని నేను.

రెండేళ్ళు గడిచాక మధ్యాహ్నాలు బరువెక్కాయి. భోజనమయ్యాక మాత్ర పనిచేయాల్సిన సమయానికి నేను కుర్చీలో కొయ్యబారి ఉండేదాన్ని. లేచినా వంటింటి గుమ్మం దగ్గర పాదాలు నేలకి అతుక్కుపోయేవి. పైన ఒళ్ళు ముందుకు పోతుంది, కింద కాళ్ళు రావు. పడబోతున్నానని ఒంటికి తెలుస్తూనే ఉంటుంది.

అప్పుడే ఒక రోజు మార్తమ్మ వదిన చిక్కుడుకాయలు వలుస్తూ అంది:

"సరళా, నేనొకటి కనిపెట్టానే. శుక్రవారం మధ్యాహ్నం నువ్వు బాగా నడుస్తావ్."

"ఏదో యాదృచ్ఛికం వదినా."

"ప్రతి శుక్రవారమూనా? ఆ రోజు నీకోసం ఉపవాస ప్రార్థన చేస్తున్నా. అదీ సంగతి."

"మరి మిగతా ఆరు రోజులూ మీ దేవుడు సెలవు పెడతాడా?"

"నోరు ముయ్యి. నవ్వితే నవ్వావు గానీ డాక్టరమ్మకి చెప్పు."

"ఏమని? మా వదిన మోకాళ్ళ మీద కూర్చుంటే నా కాళ్ళు లేస్తున్నాయనా?"

పేపర్ చాటున జోసెఫ్ నవ్వాడు. వదిన చిక్కుడుకాయ తొక్క నా ఒళ్ళోకి విసిరింది. మాట అక్కడ ఆగిపోయింది. ఆగకుండా ఉండాల్సింది. ఆవిడ చెప్పినదాంట్లో రెండు సంగతులున్నాయి. శుక్రవారం నేను బాగుంటున్నానన్నది ఆవిడ కళ్ళతో చూసింది. అది ప్రార్థన వల్ల అన్నది ఆవిడ నమ్మింది. నేను రెంటినీ ఒకే మూటగట్టి కాలవలోకి విసిరేశాను. నమ్మకాన్ని తోసెయ్యడానికి నాకు హక్కుంది. చూసినదాన్ని తోసెయ్యడానికి ఏ హేతువాదికీ హక్కు లేదు.

డాక్టరు దగ్గర మాత్రం, మధ్యాహ్నం మాత్ర పనిచేయడం లేదన్నాను. "తిండికి ముందే వేసుకుంటున్నారు కదండీ?" అని అడిగింది. వేసుకుంటున్నానన్నాను. మొదటి ముద్దతో మింగితే ముందు మింగినట్టేనని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆవిడ నా మాట నమ్మి డోసు పెంచింది. నమ్మక ఏం చేస్తుంది?

పెంచిన డోసు మధ్యాహ్నం అంతంతమాత్రంగా పనిచేసింది. సాయంత్రం మాత్ర మాత్రం వేరే కథ. దాన్ని నేను ఉత్తి నీళ్ళతో, ఖాళీ కడుపున వేసుకునేదాన్ని. వేసుకున్న కాసేపటికి మెడ పక్కకి లాగేది, భుజాలు మెలికలు తిరిగేవి, కుర్చీలో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఊగిపోయేదాన్ని. దాన్ని డిస్కైనీషియా అంటారు. నొప్పి ఉండదు. చూసేవాళ్ళకే భయం.

మా అపార్ట్‌మెంటులో కింది ఫ్లాటావిడ ఒక సాయంత్రం అది చూసింది. మర్నాడు పసుపు నీళ్ళ చెంబుతో వచ్చింది. ఎంతో ఆదరంగా, గొంతు తగ్గించి అడిగింది: "ఏ అమ్మవారో తెలిస్తే చీర పెట్టుకుందామండీ. నమ్మకం లేనివాళ్ళ మీదికే ముందు వస్తుందంటారు."

మాత్ర సైడ్ ఎఫెక్ట్ అని చెబుతుంటే నా తల ఊగుతూనే ఉంది. నా తలే నాకు ఎదురుసాక్ష్యం చెబుతుంటే ఆవిడ ఎవరిని నమ్ముతుంది?

సరిగ్గా ఆ వారమే కూచిపూడి దగ్గర ఒక ఊరి నుంచి అనసూయ ఫోన్ చేసింది. నా పాత స్టూడెంట్, ఇప్పుడు ఆ ఊరి హైస్కూల్ హెడ్‌మిస్ట్రెస్. ఏటా వాళ్ళ స్కూల్లో ఆడవాళ్ళతో మాట్లాడతాను. "ఈసారి పూనకం గురించి చెప్పండి మేడమ్. టెన్త్ పిల్ల ఒకత్తి క్లాసులో పడి కొట్టుకుంది. అమ్మవారని వాళ్ళ నాయనమ్మ స్కూలు మాన్పించి ఇంట్లో కూర్చోబెట్టింది. డాక్టరుకి చూపించమంటే వినట్లేదు. మీరు చెబితే వింటుంది."

వస్తానన్నాను. ఫోన్ పెట్టేశాక గాని నాకు తట్టలేదు. పూనకం లేదని చెప్పడానికి ఊగుతూ వెళ్ళేదెలా?

దానికంటే ముందు గవర్నర్‌పేటలో ఒక హాల్లో సంస్మరణ సభ జరిగింది. మాతో కలిసి పనిచేసిన మిత్రుడు పోయాడు. అది శుక్రవారం సాయంత్రం. శుక్రవారం వదిన మూడు దాటి ప్రార్థన ముగిసేదాకా పొయ్యి వెలిగించదు. నా చేతులు వంటకి పనికిరావు. జోసెఫ్‌కి వంట రాదు; రాదని ఆయన పెళ్ళయినప్పటి నుంచీ నిరూపిస్తున్నాడు. కాబట్టి శుక్రవారాలు నేను అరటిపండుతో, బ్లాక్ కాఫీతో నెట్టుకొస్తాను. ఆ రోజు సభ ఉందని వదిన వంట కోసం ఆగకుండా బయల్దేరిపోయాను. ముందు వరసలో కూర్చున్నాను. ఒళ్ళు ఊగుతోంది. ప్రార్థన గీతానికి అందరూ లేచారు. నేను లేవలేదు, ఎప్పుడూ లేవను. వెనక వరసలో ఎవరో ఆడమనిషి పక్కావిడతో అంది: "లేవదంట గానీ ఊగుతుంది చూడు. దేవుణ్ణి తిడితే ఊరుకుంటాడా?"

ఆ మాట చెవిలో ఉండగానే రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు అధ్యక్షులు. అది మిత్రుడి కోసం. దానికి లేస్తాను. వెనకనుంచి చూస్తున్న కళ్ళకి నా బలం చూపిద్దామని కుర్చీ చెయ్యి కూడా పట్టుకోకుండా దిగ్గున లేచాను. ఫ్యాన్లు దూరంగా జరిగాయి. దీపాలన్నీ ఒక చిన్న చుక్కలోకి పోయాయి. తర్వాత తెలిసింది సిమెంటు నేల చల్లదనం, కుడి మణికట్టులో నొప్పి.

క్యాజువాల్టీలో మంచం మీద పడుకోబెట్టి బీపీ చూశారు. "బీపీ బాగానే ఉందండీ" అన్నారు. మణికట్టుకి కట్టు కట్టారు. మర్నాడు మా న్యూరాలజిస్టు వచ్చింది. పడుకోబెట్టి చూసింది, తర్వాత నిలబెట్టి చూసింది. నిలబడగానే అంకె జారిపోయింది, నా కళ్ళకి మళ్ళీ చీకట్లు కమ్మాయి. జోసెఫ్ పట్టుకున్నాడు.

"పడుకున్న మనిషి బీపీ పడుకున్నదానికే లెక్కండీ. మీరు పడింది నిలబడ్డప్పుడు కదా" అంది. "బీపీకి ఇంకేమైనా వాడుతున్నారా?"

వాడుతున్నాను. రక్తపోటుకి ఎప్పటినుంచో ఫిజీషియన్ ఇచ్చిన మాత్ర. లెవోడోపా కూడా బీపీని దించగలదు. రెండూ కలిసి నన్ను కింద పడేశాయి. ఆ డాక్టరు సంగతి ఈవిడకీ, ఈవిడ సంగతి ఆ డాక్టరుకీ నేను చెప్పలేదు.

"నిన్న ప్రత్యేకంగా ఏమైందండీ? ఏం తిన్నారు?"

"ఏమీ తినలేదు. అరటిపండు, కాఫీ."

మూలన స్టూలు మీద కూర్చున్న వదిన ఉండబట్టలేకపోయింది. "నిన్న శుక్రవారం కదండీ డాక్టరమ్మా. శుక్రవారం మా సరళకి కాళ్ళు బాగా ఆడతాయండీ. ఈమధ్య డోసు పెంచాక ఆ రోజు ఊపు కూడా ఎక్కువైంది. చెప్పవే అంటే నవ్వుతుందండీ."

నేను కళ్ళు మూసుకున్నాను. డాక్టరు నవ్వలేదు. కుర్చీ వదిన వైపు తిప్పుకుంది.

"మిగతా రోజులు మాత్ర ఎప్పుడు వేసుకుంటారండీ?"

"అన్నంలోనేనండి. మొదటి ముద్దతో."

"ఏం ముద్ద?"

"పప్పేనండి. మా ఇంట పప్పు లేనిది శుక్రవారం మధ్యాహ్నమేగా."

డాక్టరు నా వైపు చూసింది. కోపం లేదు. అలసట ఉంది. "మేడమ్, మీరు కెమిస్ట్రీ చెప్పారు కదా. పేగు నుంచి రక్తంలోకి ఈ మందు వెళ్ళే దారీ, పప్పులో ప్రొటీన్ అరిగాక వచ్చే అమైనో ఆసిడ్లు వెళ్ళే దారీ ఒకటే. పండక్కి బస్సు ఫుట్‌బోర్డు మీద తోపులాట చూశారుగా? పప్పుతో వేస్తే మీ మాత్ర కిందే ఉండిపోతుంది. అది పనిచేయడం లేదనుకుని నేను డోసు పెంచాను. ఖాళీ కడుపున ఆ పెద్ద డోసు ఒక్కసారిగా ఎక్కేసింది. ఊపూ అందుకే, బీపీ దిగిందీ కొంత అందుకే."

ఫుట్‌బోర్డు బొమ్మ నేనే బోర్డు మీద గీసి పాఠం చెప్పగలను. అంత సులువైన కెమిస్ట్రీ. పథ్యమని నేను పేరు పెట్టి పక్కన పడేసింది అదే.

తర్వాత డాక్టరు డోసు మళ్ళీ తగ్గించింది. ఫిజీషియన్‌తో మాట్లాడి బీపీ మాత్ర మార్పించింది. ఒక్క మాట గట్టిగా చెప్పింది: "భయమేసి మీ అంతట మీరు ఏ మాత్రా ఆపకండి. ఒక్కసారిగా ఆపితే బిగుసుకుపోతారు, ప్రాణం మీదికొస్తుంది." వదిన కొత్త చట్టం తెచ్చింది. మాత్ర నీళ్ళతో మింగి అరగంట కావాలి. అప్పటిదాకా పప్పుగిన్నె వంటింట్లోంచి కదలదు. పడక మీద నుంచి లేచేముందు అంచున కూర్చోవాలి, కాళ్ళు ఆడించాలి, ఏదో ఒకటి పట్టుకుని లేవాలి, లేచాక ఆగాలి, తర్వాతే అడుగు.

అంతటితో బాగైపోయాననుకోకండి. డోసు తగ్గించిన మొదటి వారాలు నరకం. ఒళ్ళు బిర్రబిగిసింది. కట్టు కట్టిన చేత్తో గుమ్మం పట్టుకోలేక మరోసారి పడబోయాను. పడతానన్న భయంతో కుర్చీ వదలడం మానేశాను. అనసూయకి రానని చెప్పేయమన్నాను జోసెఫ్‌తో.

"నేను చెప్పను. నీ నోరు బాగానే ఉందిగా, నువ్వే చెప్పుకో" అన్నాడు.

"కాళ్ళు లేకుండా నోరు ఎవడిక్కావాలి?"

"టర్బైన్ ఆగిపోతే మేం తోసేవాళ్ళమా సరళా? మొదలుపెట్టే పద్ధతొకటి ఉంటుంది" అన్నాడు. ఫిజియోథెరపిస్టు చెప్పినట్టే వంటింటి గుమ్మం ముందు నేల మీద రంగు టేపు అడ్డగీతలుగా అంటించాడు. గుమ్మం దాటాలని చూస్తే ఆగిపోయే కాలు, గీత దాటాలని చూస్తే కదిలింది! మెదడు ఒక దారి మూసేస్తే పక్కదారి వెతుక్కుంటుందట. గిరుక్కున తిరగకుండా, లారీ మలుపు తిరిగినట్టు వెడల్పుగా తిరగడం నేర్చుకున్నాను. నడుస్తూ మాట్లాడటం మానేశాను. ఇంట్లో ప్రశాంతత పెరిగిందని జోసెఫ్ సంబరపడ్డాడు.

మెల్లగా మధ్యాహ్నాలు తిరిగొచ్చాయి. ఇప్పుడు అన్ని రోజులూ శుక్రవారాల్లాగే ఉంటున్నాయి. ఆ మాటే వదినతో అన్నాను: "చూశారా? ప్రార్థన శుక్రవారమే, కాళ్ళు మాత్రం వారమంతా ఆడుతున్నాయి. ఇప్పుడేమంటారు?"

"ఏమంటాను, నా ప్రార్థన ఇప్పుడు వారమంతా పనిచేస్తోందంటాను."

"అయితే ఒక్కరోజు మాత్రకి ముందు పప్పు పెట్టండి, చూద్దాం."

"పెట్టను. నీతో వాదన గెలవడానికి నిన్ను పడెయ్యమంటావా?"

నేను ఓడిపోయాననుకోను. కానీ ఆ రోజు బల్ల దగ్గర పప్పుగిన్నె నేనే ముందు వదిన వైపు జరిపాను.

మణికట్టు కట్టు విప్పాక ఆ ఊరు వెళ్ళాం. స్కూలు హాలు నిండా ఆడవాళ్ళు. ముందు చాప మీద ఒక ముసలావిడ గోడకానుకుని కూర్చుంది. ఆవిడే నాయనమ్మ అని అనసూయ చెవిలో చెప్పింది. కారు ఆలస్యమై మాత్ర వేళ లెక్క తప్పింది. మందు ఎక్కువగా పనిచేసే వేళకే నా వంతు వచ్చింది. మెడ లాగుతోంది. ఊపు మొదలైంది. తగ్గేదాకా ఆగుదామా అంది అనసూయ. వద్దన్నాను. కుర్చీ అంచుకి జరిగి, పాదాలు ఆడించి, బల్ల పట్టుకుని లేచి, ఆగి, మైకు దగ్గరికి నడిచాను.

నేను నోరు తెరిచేలోపే ముసలావిడ అడిగింది. ఎగతాళి లేదు గొంతులో. "నీకెవరొచ్చారమ్మా?"

మైకు దగ్గరికి లాక్కున్నాను.

"నామీదికి ఎవరూ రాలేదు పెద్దమ్మా. నాకో జబ్బుంది. దానికి మాత్ర వేసుకున్నాను. ఆ మాత్ర ఇప్పుడు కొంచెం ఎక్కువగా పనిచేస్తోంది. నేను దణ్ణం పెట్టను, వేపమండలు పట్టను, ఎవర్నీ ఏమీ అడగను. నా మాటలు అయిపోయేలోపు ఈ ఊపు దానంతటదే తగ్గుతుంది. తగ్గకపోతే మీరేది చెబితే అది ఒప్పుకుంటాను. చూస్తూ ఉండండి."

చూశారు. అన్నేళ్ళ నా ఉపన్యాసాల్లో ఎవరూ నన్ను అంత శ్రద్ధగా చూడలేదు. ఫిట్స్ అంటే ఏమిటో చెప్పాను. మెదడు కూడా ఊపిరితిత్తుల్లా, కాలేయంలా ఒంట్లో ఒక భాగమేనని, దానికీ జబ్బు చేస్తుందని చెప్పాను. పప్పన్నం సంగతి దాచకుండా చెప్పాను; ఆడవాళ్ళు విరగబడి నవ్వారు. ఆ నవ్వుల్లో నేను గమనించలేదు గాని, ముసలావిడ గమనించింది.

"తగ్గిందే" అంది పైకే. "మెడ ఆగింది చూడండే."

సభ అయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చింది. నా విరిగిన మణికట్టు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మా పిల్లకీ ఇలాంటి మాత్ర ఉంటుందామ్మా?"

"దాని జబ్బుకి దాని మాత్ర ఉంటుంది. డాక్టరు చెప్పాలి. మీరు మాత్రం పిల్ల ఎప్పుడు పడిందో, ముందురోజు నిద్రపోయిందో లేదో, పడ్డప్పుడు ఎలా ఉందో చూసింది చూసినట్టు చెప్పండి. అమ్మవారనీ చెప్పొద్దు, కాదనీ చెప్పొద్దు."

మరుసటి వారం అనసూయ పిల్లనీ, నాయనమ్మనీ తనే బందరు ఆస్పత్రికి తీసుకెళ్ళింది. పిల్ల ఇప్పుడు మాత్రలు వాడుతూ స్కూలుకి వెళ్తోంది.

నా జబ్బు పోలేదు, పోదు. సాయంత్రాలు కొంచెం ఊగుతాను. నా అక్షరాలు మళ్ళీ చీమల దాకా వచ్చాయి. ఈ వ్యాసం సగం జోసెఫ్ దస్తూరీ. కానీ పడి ఏడాది దాటింది, మళ్ళీ పడలేదు.

నేను చెప్పదలచుకున్న సలహా ఒక్కటే. మాత్రకీ తిండికీ మధ్య మీ ఇంట్లో నిజంగా జరిగేది డాక్టరుకి చెప్పండి. జరగాల్సింది చెప్పకండి, జరిగేది చెప్పండి. ఆవిడ అడగకపోయినా చెప్పండి. చెప్పడానికి సిగ్గేస్తే అదే ముందు చెప్పండి. మీ ఇంట్లో ఎవరైనా మీలో ఒక తేడా చూశామంటే, వాళ్ళు దానికి చెప్పే కారణం మీకు నవ్వు తెప్పించినా సరే, చూసినదాన్ని మాత్రం పారేయకండి.

ఇక ఈ కాగితం పక్కన పెట్టండి. నెమ్మదిగా లేవండి, ఏదైనా పట్టుకుని. లేచి మీ ఇంట్లో రోజూ మాత్రలు మింగే మనిషి దగ్గరికి వెళ్ళండి. అది మీరే అయితే అద్దం ముందు నిలబడండి. ఇప్పుడే అడగండి: ఈ పూట మాత్ర దేనితో మింగారు? వచ్చిన జవాబుకి నవ్వకండి. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా మీ డాక్టరు బల్ల మీద పెట్టండి. తలుపు దగ్గర తర్వాతి పేషెంటు పేరు పిలుస్తున్నా సరే, డాక్టరు జవాబు విన్నాకే ఆ కుర్చీలోంచి లేవండి.